నిండుకుండ తొణకదు

మొన్న బోధన్‌లో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు చిన్ననాటి మిత్రుడొకడు నన్ను నిలదీసి అడిగాడు: "ఇన్నేళ్ళు సముద్రం నడుమ ఏం చేశావురా నువ్వు?" మా జిల్లాలో గల్ఫుకు వెళ్ళినవాళ్ళు లేని ఊరు అరుదు. తాపీ పనికి వెళ్ళినవాళ్ళు, డ్రైవర్లుగా వెళ్ళినవాళ్ళు, ఒంటెలు కాసినవాళ్ళు, అందరూ తమ పనిని ఒక్క మాటలో చెప్పగలరు. నా పని అలా చెప్పడానికి లొంగదు. "నీళ్ళు నింపాను, నీళ్ళు తోడాను" అన్నాను. వాడు ఎగతాళి అనుకుని నవ్వి ఊరుకున్నాడు. కానీ అది అక్షరాలా నిజం. చమురు బావులు తవ్వే తేలియాడే రిగ్గు మీద, దాని అడుగున ఉన్న తొట్లలోకి సముద్రపు నీటిని ఎక్కించడం, దించడం, దించిన ప్రతిసారీ ఆ రిగ్గు నిలబడుతుందా ఒరుగుతుందా అని లెక్క కట్టడం: ఇదే నా ఉద్యోగం. ఆ లెక్కకు మూడు వందల యేళ్ళకు దగ్గరపడుతున్న చరిత్ర ఉంది. దాని వెనుక మునిగిపోయిన ఓడలున్నాయి, తిరిగిరాని మనుషులున్నారు. ఆ మిత్రుడికి పెళ్ళిపందిట్లో చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ రాస్తున్నాను.

మొదలు మాత్రం సముద్రంలో లేదు, చెరుకు బండిలో ఉంది.

మా తాతగారిది తాళ్ళరేవు ప్రాంతం. మంజీర మీద నిజాంసాగర్ కట్టిన తర్వాత, ఆ కాలువ కింద భూములు చౌకగా దొరుకుతున్నాయని విని గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి బోధన్, వర్ని, కోటగిరి వైపు వచ్చి క్యాంపులు కట్టుకున్నవాళ్ళలో ఆయనా ఒకరు. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. దాని చుట్టూ ఏర్పడిన కాలనీకి శక్కర్‌నగర్ అని పేరు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెరుకు తోటలయ్యాయి. మా నాన్నగారు చెరుకు తూచే కాటా దగ్గర గుమాస్తా. నిండు బండిని కాటా మీదికి ఎక్కించి ఒక తూకం, చెరుకు దింపిన తర్వాత ఖాళీ బండికి ఇంకో తూకం. రెండింటి తేడా రైతు చెరుకు. ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ పొద్దున ఖాళీ బండి తూకం రాసుకుని, సాయంత్రం అదే బండి రెండో విడత వచ్చినప్పుడు ఆ పాత అంకెనే వేసేవాళ్ళుండేవారు. నాన్నగారు ఒప్పుకొనేవారు కాదు. "మధ్యలో వాన పడింది, కట్టె నీళ్ళు తాగింది, చక్రాలకు రేగడి అంటింది. పొద్దుటి ఖాళీ బండి కాదిది" అనేవారు. ఆ తేడా ఎవరో ఒకరి డబ్బు. ఈ మాట నాకు ముప్పై యేళ్ళ తర్వాత ఎంత పనికివచ్చిందో వివరిస్తాను.

నాకు పదేళ్ళప్పుడు ఊరి బయట మలుపులో ఒక మొలాసిస్ ట్యాంకరు పక్కకు ఒరిగి పడిపోయింది. రోడ్డంతా నల్లటి పాకం, ఈగలు, తీపి కుళ్ళు వాసన. డ్రైవరు ప్రాణంతో బయటపడ్డాడు. జనం అతి వేగం అన్నారు, తాగి ఉన్నాడన్నారు. నాన్నగారు మాత్రం, "సగం ట్యాంకే ఉంది, అదీ సంగతి" అన్నారు. ఇంటికి వచ్చాక ఒక ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పోసి నా చేతికిచ్చి వాకిలి దాకా నడవమన్నారు. నడిచాను. తర్వాత ఒక వెడల్పాటి పళ్ళెంలో అదే చెంబులో సగం నీళ్ళు పోసి నడవమన్నారు. రెండడుగులు వేసేసరికి నీళ్ళన్నీ ఒక వైపుకు పరుగెత్తాయి, పళ్ళెం నా చేతిని తనవైపు లాగింది. తక్కువ నీళ్ళు, ఎక్కువ కష్టం. "నిండుకుండ తొణకదు అన్నది మనుషుల గురించే అనుకుంటారు, కుండల గురించి కూడా నిజమే" అన్నారాయన నవ్వుతూ. నేను తర్వాత చదివిన నౌకా స్థిరత్వ శాస్త్రంలో ఒక అధ్యాయమంతా ఆ పళ్ళెంలో ఉంది.

ఓడలు అడుగు బరువు లేకుండా నిలబడవన్న సంగతి నౌకలు కట్టే ప్రతి జాతికీ తెలుసు. ఖాళీగా తిరిగివచ్చే ఓడలో అడుగున ఇసుకో రాళ్ళో వేసుకొని వచ్చేవారని తాతగారు చెప్పేవారు. కోరంగి, తాళ్ళరేవు వడ్రంగులు కట్టిన ఓడల గురించి ఆయన దగ్గర చాలా కథలుండేవి. అయితే ఎంత బరువు, ఎంత లోతున అన్నది అనుభవం మీదే తేలేది. అనుభవం తప్పితే ఏమవుతుందో స్వీడన్ రాజు కట్టించిన వాసా అనే యుద్ధనౌక చూపించింది. బయలుదేరే ముందు దాని నిలకడ చూద్దామని 30 మంది నావికులను డెక్కు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తించారు. ఓడ ఎంత ఊగిందంటే మూడు పరుగులకే పరీక్ష ఆపించారు. ఆపించారు గానీ ఓడను ఆపలేదు. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవులోనే, మైలు దూరమైనా పోకుండా, గాలి కాస్త గట్టిగా వీచగానే ఒరిగి, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల గుండా నీళ్ళు చొరబడి మునిగింది.

ఆ ఊగడానికి ఒక కొలత ఇచ్చినవాడు ఫ్రెంచి గణితవేత్త పియేర్ బూగే. భూమి ఆకారం కొలవడానికి పెరూ వెళ్ళిన బృందంలో ఆయనొకరు. ఆండీస్ కొండల్లో యేళ్ళ తరబడి గడిపిన ఆ రోజుల్లోనే ఓడల మీద తన పుస్తకానికి చాలా భాగం సిద్ధం చేసుకున్నారు. సముద్రానికి అంత ఎత్తున కూర్చొని ఓడల గురించి ఆలోచించడం నాకెప్పుడూ ముచ్చటగా తోస్తుంది. 1746లో అచ్చయిన ఆ గ్రంథంలో మెటాసెంటర్ అన్న బిందువుకు పేరు పెట్టారు. 1749లో ఆయిలర్ కూడా తన మార్గాన అదే సంగతిని తేల్చారు.

ఆ బిందువును ఉయ్యాలతో చెబితే సులువు. ఓడ బరువంతా ఒక చోట, గరిమనాభి దగ్గర, కిందికి లాగుతుంది. నీళ్ళు ఓడను పైకి నెట్టే బలం, నీటిలో మునిగిన భాగపు నడిమధ్య నుంచి పైకి పోతుంది. ఓడ ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క ఎక్కువ మునుగుతుంది కనుక ఆ నడిమధ్య కూడా అటు జరుగుతుంది. అక్కడి నుంచి నిట్టనిలువుగా గీత గీస్తే అది ఓడ నడిగీతను ఒక చోట తాకుతుంది. అదే మెటాసెంటర్. ఓడ ఆ బిందువు నుంచి వేలాడుతున్న ఉయ్యాల అనుకోండి. బరువు దూలానికి కింద ఉన్నంతకాలం ఉయ్యాల ఎంత ఊగినా తిరిగి నడిమికి వస్తుంది. బరువు దూలం కంటే పైకి పోతే, అది ఉయ్యాల కాదు, వేలి మీద నిలబెట్టిన కర్ర. ఈ రెంటి మధ్య ఎడమే నిలకడకు కొలత. మా వాడుకలో దాన్ని జీ-ఎం అంటారు.

ఈ ఎడం ఒక్కటే చాలదని 1870 సెప్టెంబరు 7న తెలిసింది. బ్రిటిష్ యుద్ధనౌక కెప్టెన్, స్పెయిన్ తీరం దగ్గర రాత్రి గాలివానలో తిరగబడి దాదాపు 480 మంది చనిపోయారు. దాన్ని పట్టుబట్టి కట్టించిన కూపర్ కోల్స్ కూడా అందులోనే ఉన్నాడు. మొదటి కొద్ది డిగ్రీల ఒరుగులో ఆ ఓడ నిలకడగానే ఉండేది. కానీ డెక్కు నీటికి మరీ దగ్గరగా ఉండటంతో, కాస్త ఎక్కువ ఒరగగానే అంచు మునిగి, తిరిగి లేపే శక్తి చటుక్కున సన్నగిల్లింది.

ఇక రిగ్గుల సంగతి. 1960లకు ముందు సముద్రంలో తవ్వేవాళ్ళు ఎక్కువగా అడుగును తాకే చట్రాలను వాడేవారు. 1960ల ఆరంభంలో షెల్ కంపెనీ ఇంజనీరు బ్రూస్ కాలిప్, అలాంటి చట్రాన్ని సగం ముంచి తేలనిస్తే అలలకు తక్కువగా కదులుతోందని గమనించి, అడుగుకు ఆనకుండానే తవ్వేట్టు దాన్ని మార్పించాడు. అలా పుట్టినదే సెమీ సబ్‌మెర్సిబుల్. కింద రెండు పెద్ద పాంటూన్లు, వాటి మీద లావుపాటి స్తంభాలు, ఆ స్తంభాల మీద ఒక చిన్న ఊరంత డెక్కు. పాంటూన్లలోని తొట్లను నీటితో నింపితే అవి అలల కిందికి దిగిపోతాయి. నీటిమట్టం దగ్గర స్తంభాలు మాత్రమే ఉంటాయి కనుక అలకు పట్టు చిక్కదు. తవ్వకం సాఫీగా సాగుతుంది.

ఇంత తెలివైన ఏర్పాటుకు చెల్లించే మూల్యం కూడా అక్కడే ఉంది. నీటిమట్టం దగ్గర మామూలు ఓడకు విశాలమైన పొట్ట ఉంటుంది. సెమీకి నాలుగైనా ఎనిమిదైనా స్తంభాల కోతలు మాత్రమే. నిలకడ అంతా ఆ స్తంభాలు ఎంత దూరదూరంగా ఉన్నాయన్న దాని మీద నడుస్తుంది. ఇంకో చోటికి లాక్కుపోవాలంటే నీరు తోడాలి. తుఫాను వస్తున్నప్పుడు కూడా, అలలు డెక్కు అడుగును కొట్టకుండా రిగ్గును కొంత పైకి లేపాలి, అంటే నీరు తోడాలి. అంటే వాతావరణం చెడిపోతున్న వేళకే అడుగు బరువును తీసేయాలన్న మాట. నా మిత్రుడికి ఇది చెబితే, "అదేం కర్మ" అన్నాడు. అదే కర్మ.

ఇప్పుడొక చిన్న లెక్క. లెక్కలంటే గిట్టనివారు ఈ రెండు పేరాలు దాటి వెళ్ళవచ్చు, అలగను. నాకు నేర్పినప్పుడు గుండ్రటి అంకెలతో నేర్పారు, నేనూ అలాగే చెబుతాను. ఒక్కొక్కటి 90 మీటర్ల పొడవు, 13 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల ఎత్తు ఉన్న రెండు పాంటూన్లు. నాలుగు స్తంభాలు, ఒక్కొక్కటి 10 మీటర్ల చదరం, నడిగీతకు అటూ ఇటూ 30 మీటర్ల దూరాన. రిగ్గు మొత్తం బరువు 25,000 టన్నులు. గరిమనాభి అడుగు నుంచి 18.5 మీటర్ల ఎత్తున. ఈ స్థితిలో రిగ్గు 22.2 మీటర్లు మునిగి ఉంటుంది. మెటాసెంటర్ ఎత్తు 21.48 మీటర్లు వస్తుంది. ఎడం 2.98 మీటర్లు. హాయిగా ఉంది.

ఇప్పుడు పాంటూన్ల నుంచి, అడుగుకు 3 మీటర్ల ఎత్తున ఉన్న 1,000 టన్నుల నీటిని తోడేద్దాం. రిగ్గు సుమారు 2.4 మీటర్లు పైకి లేస్తుంది. మెటాసెంటర్ దాదాపు ఉన్నచోటే, 21.50 దగ్గర ఉంటుంది. కానీ అడుగునుంచి బరువు పోయింది కనుక మిగిలిన 24,000 టన్నుల గరిమనాభి 19.15కు ఎగబాకుతుంది. ఎడం 2.35కు పడింది. ఇంకా అయిపోలేదు. ఆ వెయ్యి టన్నులను నాలుగు తొట్ల నుంచి కొంత కొంత తీశామనుకుందాం. ఒక్కో తొట్టి 20 మీటర్ల పొడవు, 13 మీటర్ల వెడల్పు, నాలుగూ ఇప్పుడు సగం సగం. నాన్నగారి పళ్ళెం లాంటివి నాలుగు! రిగ్గు ఒరిగిన వైపుకే వాటిలోని నీళ్ళూ పరుగెడతాయి. దానికి చెల్లించవలసిన తరుగు లెక్క వేస్తే 0.63 మీటర్లు. ఎడం 1.72కు దిగింది. విచిత్రమేమంటే, ఈ తరుగు తొట్టిలో ఎంత నీరుందన్న దానితో దాదాపు నిమిత్తం లేకుండా, ఆ నీటి ఉపరితలం ఎంత వెడల్పన్న దాని మీదే ఆధారపడుతుంది. వెడల్పుకు ఘనం చొప్పున పెరుగుతుంది. తొట్టికి నడుమ ఒక అడ్డుగోడ కడితే తరుగు నాలుగో వంతుకు, 0.16కు తగ్గుతుంది. అసలు నాలుగు తొట్లను సగం సగం చెయ్యకుండా ఒక్కోదాన్ని పూర్తిగా ఖాళీ చేస్తూ పోతే, ఏ క్షణాన చూసినా ఒక్క పళ్ళెమే చేతిలో ఉంటుంది.

ఇది నాకు పుస్తకంలో బోధపడలేదు. ఉద్యోగంలో చేరిన రెండో యేడు, ఒక రాత్రి షిఫ్టులో, త్వరగా పని ముగిద్దామని నాలుగు తొట్ల కవాటాలూ ఒకేసారి తెరిచి పంపులు వేశాను. రిగ్గు పేరు చెప్పను, చెప్పవలసిన అవసరమూ లేదు, తప్పు నాది. కాసేపటికి ఒరుగు చూపే బుడగ నెమ్మదిగా ఒక పక్కకు జరిగింది. సరిచేద్దామని రెండో పక్క ఎక్కువ తోడాను. బుడగ నడిమికి వచ్చి, ఆగకుండా అవతలికి పోయింది. ఆ పోవడంలో ఒక బద్ధకం ఉంది, ఊయల తిరిగి రావడానికి ఆలోచిస్తున్నట్టు. అది ఎడం తగ్గిందనడానికి గుర్తు. పైఅధికారి, ఒక పెద్దవయసు మలయాళీ, నిద్రలోనే ఆ ఊగు తేడాను పసిగట్టి లేచి వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. కవాటాలన్నీ మూయించి, ఒక తొట్టిని మాత్రం తెరిపించి, నా పక్కన కుర్చీ వేసుకొని తెల్లవారేదాకా కూర్చున్నారు. ఒక పక్క నుంచి 100 టన్నులు తీస్తే ఆ రిగ్గు ఎంత ఒరుగుతుందో నాచేత కాగితం మీద లెక్క కట్టించారు. పైన చెప్పిన గుండ్రటి అంకెల రిగ్గయితే సుమారు రెండున్నర డిగ్రీలు. వినడానికి చిన్న అంకె. గొట్టాల దొంతరలు కట్టిన డెక్కు మీద నిలబడినవాడికి చిన్నది కాదు.

ఆ మర్నాడు ఆయన నాకు ఓషన్ రేంజర్ కథ చెప్పారు. ఆ తర్వాత ఆ విచారణ సంఘం చెప్పినవన్నీ వెతికి వెతికి చదివాను.

ఓషన్ రేంజర్‌ను 1976లో జపాన్‌లోని హిరోషిమాలో మిత్సుబిషి వాళ్ళు కట్టారు. రెండు పాంటూన్లు, ఎనిమిది స్తంభాలు, 121 మీటర్ల పొడవు. ఆ కాలానికి ప్రపంచంలోని పెద్ద సెమీలలో ఒకటి, మునగదని పేరు. 1982 ఫిబ్రవరిలో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌కు తూర్పున, హైబెర్నియా చమురుక్షేత్రంలో తవ్వుతోంది. తొట్ల కవాటాలను నడిపే గది ఒక స్తంభం లోపల, నీటిమట్టానికి ఎనిమిది మీటర్ల పైచిలుకు ఎత్తున ఉండేది. దానికి గుండ్రటి గాజు కిటికీలు. ఫిబ్రవరి 14 సాయంత్రం తుఫాను అల ఒక కిటికీ గాజును పగలగొట్టింది. ఉప్పునీళ్ళు కవాటాల మీటల బల్ల మీద పడ్డాయి. గాజు ముక్కలు ఊడ్చారు, తడి తుడిచారు. కాసేపటికి అంతా సర్దుకుందని పక్క రిగ్గులకు కబురు కూడా అందింది. ఆ తర్వాత, అర్ధరాత్రి దాటాక, రిగ్గు ముందువైపుకు ఒరగడం మొదలైంది. తడిసిన బల్లకు కరెంటు తిరిగి ఇచ్చినప్పుడు కవాటాలు వాటంతట అవే తెరుచుకొని ఉంటాయని విచారణ సంఘం అభిప్రాయపడింది. కరెంటు లేనప్పుడు కవాటాలను చేత్తో నడపడానికి ఇత్తడి కడ్డీలుండేవి. వాటిని ఎలా వాడాలో అక్కడున్నవాళ్ళకు సరిగా తెలియదు. మూస్తున్నామనుకొని తెరిచి ఉండవచ్చు.

ఇక్కడ మా జిల్లా రైతు ఎవరికైనా అర్థమయ్యే సంగతి ఒకటుంది. మోటరును బావి గట్టు మీద పెడితే ఏడెనిమిది మీటర్ల లోతు దాకానే నీళ్ళు లాగుతుంది. నీటిని నిజంగా పైకి తోసేది గాలి ఒత్తిడి. దాని బలం ఎంత చేసినా పది మీటర్లు. అందుకే ఎండాకాలంలో బావిలో నీళ్ళు దిగిన కొద్దీ మోటరును గట్టు మీదినుంచి దించి, బావి లోపల దిమ్మె కట్టి పెడతారు. ఓషన్ రేంజర్‌లో పంపులు పాంటూన్ల వెనుక కొసన ఉండేవి. రిగ్గు ముందుకు ఒరిగేసరికి ముందు తొట్లు లోతైన బావులయ్యాయి, పంపులు గట్టు మీది మోటర్లయ్యాయి. ఏ తొట్ల నుంచి నీరు తోడాలో సరిగ్గా అక్కడినుంచే నీరు రాలేదు. వెనుక తొట్ల నుంచి మాత్రం వస్తుంది, కానీ అవి తోడితే ముందు ఇంకా మునుగుతుంది. ముందు స్తంభాల్లోని గొలుసు అరల నోళ్ళకు మూతలు లేవు. అల వాటిని అందుకున్నాక ఇక చెయ్యగలిగింది లేదు. రాత్రి ఒకటిన్నరకు, మనుషులు ప్రాణరక్షక పడవల దగ్గరికి వెళుతున్నారని చివరి కబురు వచ్చింది. ఒక పడవ సహాయక నౌక పక్కకు చేరింది కూడా. ఆ నౌక మీది వాళ్ళు తాళ్ళు అందిస్తుండగా, అందరూ ఒక పక్కకు లేవడంతో అది తిరగబడింది. రిగ్గులోని 84 మందిలో ఒక్కరూ మిగలలేదు. దొరికిన దేహాలు 22.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఆ రాత్రి కాదు, దానికి తొమ్మిది రోజుల ముందు జరిగినది. ఫిబ్రవరి 6న తొట్ల నిర్వహణలో పొరపాటు జరిగి అదే రిగ్గు ఆరు డిగ్రీల దాకా ఒరిగింది. సరిచేసుకున్నారు. అందరూ భయపడ్డారు, అంతటితో పోయింది. 1984లో విచారణ సంఘం కిటికీ గాజు గురించి, గొలుసు అరల గురించి, చలినీళ్ళలో ఒంటిని కాపాడే దుస్తులు లేకపోవడం గురించి ఎంత రాసిందో, కవాటాల బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకు శిక్షణ లేకపోవడం గురించీ అంత రాసింది. అసలు దెబ్బ చిన్నది. ఏమీ ముట్టుకోకుండా బల్లకు కరెంటు తీసేసి కూర్చున్నా రిగ్గు ఆ తుఫానును తట్టుకొనేదని సంఘం తేల్చింది. ఆ వాక్యం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. నేను బుడగను చూసి కంగారుపడి రెండో పక్క తోడిన రాత్రి గుర్తుకొచ్చింది.

నీరు తీసేసిన తర్వాత ఏమవుతుందన్న ప్రశ్న రిగ్గులకే సొంతం కాదు. దానికి మా జిల్లాలోనే ఒక దాయాది ఉంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ రాతికట్టడం. (ఇప్పుడది కామారెడ్డి జిల్లాలోకి పోయింది, మాకు మాత్రం మాదే.) తన బరువుతోనే నీటిని ఆపే ఇలాంటి ఆనకట్టకు రెండు పరీక్షలు పెడతారు: జలాశయం నిండినప్పుడు, ఎండినప్పుడు. నిండినప్పుడు నీటి నెట్టుడుకు బలమంతా దిగువ అంచువైపు జరుగుతుంది. ఎండినప్పుడు ఎగువ అంచువైపు. రెండు స్థితుల్లోనూ అది పునాది వెడల్పులో నడిమి మూడో వంతు దాటి పోకూడదు. పోతే రాళ్ళ అతుకులు విడిపోతాయి. 19వ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీర్లూ, స్కాట్లండ్‌కు చెందిన రాంకిన్ కుదుర్చుకున్న సూత్రమిది. ఖాళీ అంటే క్షేమం అని మామూలు బుద్ధి చెబుతుంది. ఆనకట్ట కట్టినవాడు, రిగ్గు నడిపినవాడు ఇద్దరూ ఆ మాట నమ్మరు.

మన తీరానికి వద్దాం. విశాఖపట్నంలో సింధియా నౌకానిర్మాణ కేంద్రానికి 1941లో రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేశారు. 1948లో జల ఉషను నెహ్రూ నీటిలోకి దించారు. 1952లో అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. బొంబాయి హైలో 1974లో చమురు కనుగొన్న సాగర్ సమ్రాట్ 1973లో జపాన్ నుంచి వచ్చింది, అదీ మిత్సుబిషి వాళ్ళు కట్టినదే. అది కాళ్ళమీద నిలబడే జాకప్ రకం. దానికీ నీటి లెక్కే ముఖ్యం. కాళ్ళు అడుగుకు ఆనిన తర్వాత తొట్లను సముద్రపు నీటితో నింపి, ఆ బరువుతో కాళ్ళను నేలలోకి దిగవేసి, నేల గట్టిదని తేలాక ఆ నీటిని వదిలేసి, అప్పుడు గాని పూర్తి ఎత్తుకు లేవరు. 1987లో విశాఖ నౌకాకేంద్రం సాగర్ భూషణ్ అనే తవ్వకపు ఓడను ఓఎన్‌జీసీకి కట్టి ఇచ్చింది. అదే యేడు కోనసీమ ఒడ్డున సూరసానియానాం ఎదుట సముద్రంలో రవ్వ క్షేత్రం బయటపడింది. తాళ్ళరేవు మనిషి మనవణ్ణి కనుక ఆ రెండు వార్తలనూ కత్తిరించి దాచుకున్నాను. 2002లో కృష్ణా గోదావరి బేసిన్ లోతునీళ్ళలో గ్యాసు దొరికాక తేలియాడే రిగ్గులు మన తీరానికి కొత్త కాకుండా పోయాయి. సాగర్ భూషణ్ మాత్రం 2018 ఫిబ్రవరి 13న కొచ్చిలో మరమ్మతులో ఉండగా పేలుడు జరిగి ఐదుగురు చనిపోయారు. నేను ఆ ఓడ ఎక్కలేదు. ఆ వార్త చూసిన రోజున కత్తిరించి దాచిన పాత కాగితాన్ని తీసి మళ్ళీ చదువుకున్నాను.

ఇప్పుడు ఈ లెక్కలన్నీ కంప్యూటరు వేస్తుంది. తొట్టిలోని మట్టాన్ని అదే కొలుస్తుంది, ఎడాన్ని అదే చూపిస్తుంది, గీత దాటితే కూత పెడుతుంది. నా కింద పనిచేసిన కుర్రవాళ్ళచేత వారానికొకసారి చేత్తో లెక్క కట్టించేవాణ్ణి. చాటున విసుక్కొనేవారని తెలుసు. కంప్యూటరు తప్పు చెయ్యదు, నిజమే. కానీ దానికి మనం ఇచ్చే మొదటి అంకె ఒకటుంది. నీరు, ఇంధనం, గొట్టాలు ఏవీ లేని ఉత్త రిగ్గు బరువు, దాని గరిమనాభి ఎత్తు. ఆ అంకె కోసం రిగ్గు కొత్తగా ఉన్నప్పుడు, గాలి లేని రోజున, తొట్లను పూర్తిగా నింపో పూర్తిగా ఎండగట్టో, తెలిసిన బరువును డెక్కు మీద తెలిసిన దూరం జరిపి లోలకం ఎంత కదిలిందో కొలుస్తారు. వాసా మీద ముప్పై మందిని పరుగెత్తించిన పరీక్షకు అది బుద్ధిగల మనుమడు. అయితే రిగ్గు కొత్తగా ఉండిపోదు. పొర మీద పొర రంగు పడుతుంది. పాత యంత్రం పక్కనే కొత్త యంత్రం చేరుతుంది. ఎవరో డెక్కు మీద ఒక గది అతికిస్తారు. పనికిరాని ఇనుము మూలల్లో పేరుకుంటుంది. అదంతా పైనే పేరుకుంటుంది, గరిమనాభిని ఇంత ఇంతగా పైకి లాగుతుంది. పాత అంకె మీద ఎంత గొప్ప లెక్క కట్టినా అది పొద్దుటి ఖాళీ బండి లెక్కే.

నాన్నగారికి సముద్రం చూపించాలని ఒకసారి విశాఖ తీసుకువెళ్ళాను. బయటి రేవులో లంగరు వేసిన ఓడలను చాలాసేపు చూసి, నా పని గురించి మొదటిసారి వివరంగా అడిగారు. పాంటూన్లు, తొట్లు, తరుగు, ఎడం, అన్నీ ఇసుకలో గీసి చెప్పాను. ఓపిగ్గా విన్నారు. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో ఆగిపోయింది. ఆ సంగతి చూడకుండానే అంతకు ముందే ఆయన వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నేను గీసినదంతా చూసి, పంచె అంచుకు అంటిన ఇసుక దులుపుకుంటూ, ఒక్కటే అడిగారు.

"ఖాళీ బండి తూకం మళ్ళీ ఎప్పుడు వేస్తారు?"